పేరు వద్దన్న పెట్టె

భీమవరానికి పాతిక కిలోమీటర్ల దూరంలోని ఒక చిన్న పట్టణం మాది. బస్టాండు ఎదురుగా నాకు ఫోటో ఫ్రేముల దుకాణం ఉంది, ఫ్లెక్సీలు కూడా వేస్తాం. ఊళ్ళో ఎవరైనా కాలం చేస్తే పురోహితుడి తర్వాత కబురు అందేది నాకే. మర్నాటికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలి, పదకొండో రోజుకు దండ వేయడానికి ఫోటో కావాలి. ఆధార్ కార్డులోని బొమ్మను పెద్దది చేసి, నలిగిన చొక్కా తీసేసి కోటు తొడిగి ఇచ్చేసరికి ఆ ఇంటి సంగతులన్నీ నా చెవిన పడిపోతాయి. ఎవరు ఎక్కడినుంచి రావలసి వచ్చింది, ఎవరు రాలేకపోయారు, ఎవరి కోసం అంత్యక్రియలు ఎంతసేపు ఆపారు.

ఆ ఆపడమే మా వైపు పెద్ద సమస్య. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే పూటలో వచ్చేస్తారు. కువైట్ అయితే రోజు పడుతుంది. డల్లాస్ అయితే టికెట్టు దొరకడం, విమానాలు మారడం, శంషాబాదులో దిగి కారులో రావడం, అంతా కలిపి రెండు రోజులు. అంతసేపూ ఇంట్లో ఐసు మీదే ఆధారం. చేపల, రొయ్యల చెరువుల పుణ్యమా అని మా దగ్గర ఐసు ఫ్యాక్టరీలకు లోటు లేదు. రొయ్యల ట్రేలలో వేసే దిమ్మలనే పగలగొట్టి, కింద ఊక పరిచి చుట్టూ పేర్చేవారు. తెల్లారేసరికి గదిలో నీళ్ళు, ఆ నీళ్ళు తుడుస్తూ ఇంటి ఆడవాళ్ళు. శవాన్ని చల్లగా ఉంచే ఫ్రీజర్ బాక్సు కావాలంటే భీమవరం నుంచి అద్దెకు తెచ్చుకోవాలి. మా వీధిలో ఒకరు రెండు రోజులకు రవాణాతో కలిపి 6,500 కట్టారు. అంత కట్టలేనివాళ్ళు కొడుకు రాకముందే కానిచ్చేసేవారు. అలాంటి ఇళ్ళకు ఫోటో కట్టి ఇచ్చేటప్పుడు ఆ కొడుకు మొహం చూడలేకపోయేవాడిని.

నేను మా ఊరి లయన్స్ క్లబ్బులో చేరడానికి మాత్రం ఇంత గొప్ప కారణమేదీ లేదు. నా ఫ్లెక్సీలకు ఆ క్లబ్బే పెద్ద ఖాతాదారు. సభ్యుడినైతే ఆర్డర్లు పక్క దుకాణానికి పోవని చేరాను. ఆరేళ్ళు వెనక వరసలో కూర్చుని, ఉప్మా తిని, జనగణమన పాడి ఇంటికొచ్చేవాడిని. 2023 జూన్‌లో కొత్త కార్యవర్గానికి కోశాధికారి దొరకలేదు. పాతాయన హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. "దుకాణం లెక్కలు పైసాతో సహా రాస్తావు కదా, ఇది మాత్రం ఎంత?" అన్నారు. ఒప్పుకున్న రోజునే ఒక పని చేశాను: ఆ ఏడాది క్లబ్బు ఫ్లెక్సీలన్నీ పక్క దుకాణానికే ఇమ్మన్నాను. బిల్లు రాసేదీ నేనే, చెక్కు సంతకం పెట్టేదీ నేనే అయితే నలుగురూ ఏమనుకుంటారో చెప్పనక్కరలేదు. చేరిన కారణం అలా చేతులారా పోగొట్టుకున్నాను. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోనివ్వదు.

క్లబ్బు ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. మొదటి వారమే పాత లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. అప్పటిదాకా నాకు తెలియని సంగతి, క్లబ్బుకు ఖాతాలు రెండు. సభ్యులు కట్టే రుసుము, సమావేశాల ఖర్చు ఒక దానిలో. దానిలోంచే లయన్స్ జిల్లా శాఖకూ, అమెరికాలోని ప్రధాన కార్యాలయానికీ వాటా పోతుంది. జనం దగ్గర సేవ పేరు చెప్పి తెచ్చిన డబ్బు రెండో దానిలో. ఈ రెండో ఖాతాలోంచి సభ్యుల మీద కాఫీ ఖర్చు కూడా పెట్టకూడదు. మొదటి దానిలోంచి రెండో దానికి ఇవ్వవచ్చు, వెనక్కి మాత్రం రాకూడదు. 1917లో షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి మొదలుపెట్టిన సంస్థ ఇది. 1925లో హెలెన్ కెల్లర్ వచ్చి అంధుల కోసం పనిచేయమని అడిగిన దగ్గర్నుంచి కంటి శిబిరాలు దీని పనిగా నిలిచిపోయాయి. ఆ చరిత్ర మా హాల్లో పటం కట్టి ఉంది, కట్టింది నేనే. ఖాతాలు రెండన్న సంగతి మాత్రం ఏ పటంలోనూ లేదు.

మొదటి గొడవ అక్కడే వచ్చింది. ప్రమాణ స్వీకారానికి శాలువాలు, జ్ఞాపికలు, విందు కలిపి ఖర్చు అంచనా దాటిపోయింది. మిగిలింది సేవా ఖాతాలో సర్దమన్నారు. కుదరదన్నాను. శాలువాల సంగతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో శాలువా ఒక మనిషి దగ్గర ఆగదు. ఈ సభలో కప్పించుకున్నది వచ్చే సభలో ఇంకొకరికి కప్పుతారు. ఒకాయనకు తాను కప్పిన శాలువాయే రెండేళ్ళకు తిరిగి వచ్చింది, అంచు మీద సాంబారు మరకను బట్టి గుర్తుపట్టాడు. చివరికి శాలువాలు సగానికి తగ్గించి, తక్కువపడింది పదాధికారులమే తలా కాస్త వేసుకున్నాం.

ఆగస్టు సమావేశంలో ఫ్రీజర్ బాక్సు మాట నేనే ఎత్తాను. అంచనా కూడా రాసుకెళ్ళాను. బాక్సుకు 92,000, స్టెబిలైజర్‌కు 8,500, కరెంటు పోతే నడపడానికి చిన్న జనరేటర్‌కు 41,500, పెట్టె ఉంచే గదికి వైరింగు, చక్రాలు ఎక్కడానికి వాలుగట్టు 6,000, మరమ్మతుల కోసం పక్కన పెట్టడానికి 32,000. మొత్తం 1,80,000. మరమ్మతుల డబ్బు ముందే పోగెయ్యకపోతే రెండేళ్ళకు ఆ పెట్టె తుప్పు పట్టిన బీరువా అవుతుందని నా గట్టి నమ్మకం. అలాంటి కుట్టుమిషన్లు, మంచినీళ్ళ కూలర్లు మా ఊళ్ళో చాలానే ఉన్నాయి.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకరు, "శ్రావణమాసం పూట ఈ మాట ఎందుకండీ" అన్నారు. రైసు మిల్లు ఆయన మా క్లబ్బులో అందరికన్నా పెద్ద చెయ్యి. బస్టాండులో సిమెంటు బల్లలు, హైస్కూల్లో నీళ్ళ ట్యాంకు ఆయన ఇచ్చినవే. అన్నిటి మీదా వాళ్ళ నాన్నగారి పేరు ఉంటుంది. "ఇంకేదైనా చెప్పు, రెండు లక్షలు నేనొక్కడినే ఇస్తాను. దీని మీద మాత్రం మా నాన్నగారి పేరు ఎలా రాయించను?" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. బల్ల మీద పేరుంటే కూర్చున్నవాడు చల్లగా ఉండమంటాడు. ఈ పెట్టె మీద పేరుంటే చూసిన ప్రతివాడూ మొహం తిప్పుకుంటాడు.

మా దగ్గర చందా అంటే సగం దానం, సగం పేరు. నేను పేర్లు చెక్కి బతికేవాడిని కనుక దీన్ని వెక్కిరించను. కానీ పేరు పెట్టడానికి వీల్లేని వస్తువుకు చందా ఎలా అడగాలో ఆ సాయంత్రం మా ఇరవై ఎనిమిది మందిలో ఎవరికీ తోచలేదు. అయినా మొహమాటానికి మాట ఇచ్చారు: మొత్తం 41,000. అందులో జూన్ నాటికి నా చేతికి వచ్చింది 29,500. మిగిలిన వాటిని నేను అడగడం మానేశాను, వాళ్ళు కనబడడం మానేశారు.

తరువాత బజారు చందా. ఆ ఏడాది మే 19న రిజర్వు బ్యాంకు రెండువేల నోట్లు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది, మొదటి గడువు సెప్టెంబరు 30. దాంతో ఆగస్టు, సెప్టెంబరుల్లో నా రసీదు పుస్తకం చూడగానే వ్యాపారుల మొహాలు విచ్చుకునేవి. ఎక్కడో లోపలి అరలోంచి గులాబీ నోటు బయటికి వచ్చేది. బ్యాంకులో వరసలో నిలబడడం కన్నా పుణ్యం నయం కదా. అలా 11 నోట్లు వచ్చాయి. చిల్లరా మల్లరా కలిపి బజారులో మొత్తం 38,200. ఇక్కడ పెట్టె ఊసు ఎత్తక తప్పేది కాదు. "దేనికి?" అని అడుగుతారు. చెప్పగానే కొందరు నోటు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవారు.

చందాలు వసూలు చేయబోయేవారికి పనికొచ్చే సంగతి ఒకటి. "ఎయిటీజీ ఉందా?" అని చదువుకున్న ప్రతివారూ అడిగారు, అంటే ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు. మా క్లబ్బు ట్రస్టుకు ఉంది. కానీ 2,000 దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు, చెక్కో ఫోనులోంచో ఇవ్వాలి, పాన్ నంబరు చెప్పాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోగా ఆ దాతల వివరాలన్నీ ఆదాయపు పన్ను శాఖకు 10బీడీ ఫారంలో మేము పంపవలసి ఉండేది, అప్పుడే వాళ్ళకు 10బీఈ ధ్రువపత్రం వచ్చేది. ఇంత చెప్పాక కొందరు, తాము కొత్త పన్ను విధానంలో ఉన్నామనీ అందులో ఈ మినహాయింపే లేదనీ గుర్తుతెచ్చుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వుకు కూడా ఐదొందలు ఇచ్చినవాళ్ళున్నారు.

అక్టోబరు, నవంబరు కంటి శిబిరంతో సరిపోయింది. డిసెంబరులో పల్లెలకు వెళదామనుకున్నాం. కోతలయ్యాక రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి. ఇంతలో 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు నీళ్ళలో తేలాయి, కళ్ళాల్లో ధాన్యం మొలకెత్తింది. మేము చందా పుస్తకం మూసేసి, మూడు ఊళ్ళకు పులిహోర పొట్లాలూ టార్పాలిన్లూ పట్టుకెళ్ళాం. ఆ ఖర్చు వేరు, పెట్టె డబ్బులోంచి పైసా ముట్టలేదు. ముట్టమని ఒత్తిడి వచ్చింది. తడిసిన ధాన్యం పక్కన నిలబడి "ఇది వేరే పద్దు" అనడం ఎంత కష్టమో అన్నవాడికే తెలుసు. అందుకే మొదట నా జేబులోంచి తీశాను, తరువాత మిగతావాళ్ళూ తీశారు.

సంక్రాంతికి మా ఊరు రెండింతలవుతుంది. పోయిన కాడికి రాబట్టుకుందామని రెండు కార్యక్రమాలు పెట్టుకున్నాం. ముగ్గుల పోటీలో 1,860 నష్టం వచ్చింది. ప్రవేశ రుసుము యాభై, పాల్గొన్న అందరికీ ఇచ్చిన స్టీలు డబ్బా అరవై ఐదు. ఆ లెక్క వేసింది నేను కాదని మాత్రం ఇక్కడ రాసుకుంటాను. తిండి దుకాణం నిలబెట్టింది. గారెలూ నాటుకోడి పులుసూ, దిబ్బరొట్టే, బొబ్బట్లూ. వండింది మా ఇళ్ళ ఆడవాళ్ళు. మూడు రోజుల అమ్మకం 47,300, సరుకుల ఖర్చు 29,850, మిగిలింది 17,450. వాళ్ళ చాకిరీకి కూలి కట్టి ఉంటే అదీ నష్టమే. సేవాక్లబ్బుల లెక్కల్లో ఎక్కడా కనబడని పద్దు ఇదొకటి.

ఆ మూడు రోజుల్లోనే కోడిపందాల బరి నడిపే ఒకాయన మనిషిని పంపించాడు. 20,000, పేరు అక్కర్లేదు. పేరు అక్కర్లేని మొదటి దాత! సమావేశంలో గంటసేపు వాదన జరిగింది. "డబ్బుకు మకిలి ఉంటుందా, ఎవరి శవానికైనా పనికొచ్చేదే కదా" అన్నారు కొందరు. రసీదు ఏమని రాయాలని అడిగాను. ఎవరూ చెప్పలేదు. తిప్పి పంపేశాం. ఆ వారమే ఎన్నికల్లో నిలబడదామనుకుంటున్న ఒకాయన తరఫున ఇంకో కబురు. పెట్టె మొత్తం ఆయనే కొనిస్తాడు, పక్కన ఆయన ఫోటో ఉండాలి. పార్టీ రాజకీయాలు క్లబ్బులో చర్చకు రాకూడదన్న నియమం మాకు ముందునుంచీ ఉంది కనుక మేము బతికిపోయాం. అసలు ఆయన అనుచరులే దాన్ని ఆపేశారని తరువాత తెలిసింది. ఎన్నికల ఏడాదిలో శవపేటిక మీద తమ నాయకుడి బొమ్మ ఏమిటని.

జనవరి చివరికి నా పుస్తకంలో ఉన్నది 75 వేల లోపే. ఆ సమయంలో ఒక మధ్యాహ్నం బస్టాండు పక్కన ఇడ్లీలు అమ్మే ఆవిడ దుకాణానికి వచ్చింది. భర్త సంవత్సరీకం, ఫోటో పాడైపోయింది, అద్దం మార్చాలి. గోడకు ఆనించి ఉన్న మా అంచనా కాగితం చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. "మా ఆయనప్పుడు అబ్బాయి కువైట్ నుంచి రావాలి. ఐసుకే పద్దెనిమిది వందలైంది తమ్ముడూ. అయినా నిలవలేదు. సాయంత్రానికే తీసేశారు" అంది. ఫ్రేముకు తెచ్చిన డబ్బులోంచి రెండొందలు తీసి బల్ల మీద పెట్టింది. పేరేమని రాయమంటారని అడిగితే, "పేరెందుకు? రాసుకో, ఒక ఇల్లు అని" అంది.

అప్పుడు తెలిసింది మేము తప్పు గుమ్మాలు తొక్కుతున్నామని. డబ్బున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాం, అడగవలసింది ఎదురుచూసినవాళ్ళను. అటువంటి ఇళ్ళ చిట్టా ఊళ్ళో ఒక్కడి దగ్గరే ఉంది. పదేళ్ళ ఫోటో ఆర్డర్ల పుస్తకాలు నా దుకాణం అటక మీద ఉన్నాయి.

దీని గురించి మూడు రోజులు ఆలోచించాను. దుఃఖంలో నా దగ్గరికి వచ్చినవాళ్ళ చిరునామాలు, వాటిని చందాకు వాడుకోవడం ఏమి మర్యాద? చివరికి నాకు నేనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఏడాది తిరగని ఇంటికి వెళ్ళకూడదు. దుకాణానికి వచ్చినవాళ్ళను అడగకూడదు. ఇంటికి వెళ్ళినా డబ్బు మాట నేను ఎత్తకూడదు, ఫలానాది కొనబోతున్నామని చెప్పి, అప్పట్లో మీకు ఎలా అయిందని అడిగి ఊరుకోవాలి. కార్యదర్శి, నేను సాయంత్రాలు బయల్దేరేవాళ్ళం. ఒక ఇంట్లో గంటన్నర కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆ రోజు సంగతంతా చెప్పి, చివరికి ఏమీ ఇవ్వలేదు. ఇంకో ఇంట్లో గుమ్మంలోనే వెయ్యి చేతిలో పెట్టి తలుపు వేసేసుకున్నారు. మార్చి నడిమికి 43 ఇళ్ళ నుంచి 71,000 వచ్చింది. వాటిలో ముప్పై పైచిలుకు రసీదుల మీద పేరు గడిలో "ఒక ఇల్లు" అనే ఉంది. పాన్ నంబర్లు లేవు, ఎయిటీజీ అడిగినవాళ్ళు లేరు.

ఒక్కచోట మాత్రం వచ్చిన డబ్బు వద్దనవలసి వచ్చింది. తల్లి సంవత్సరీకానికి అమెరికా నుంచి వచ్చినాయన, తాను సమయానికి రాలేకపోయినవాడే, వెయ్యి డాలర్లు పంపుతానన్నాడు. ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చేసింది. పుట్టింది మా ఊళ్ళోనే అయినా, చట్టం దృష్టిలో విదేశీ పౌరుడి విరాళం విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, మాకు లేదు. భారత పౌరుడిగా అక్కడ ఉద్యోగం చేస్తూ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఈ చిక్కు ఉండేది కాదు. ఇదంతా నేను చెబుతుంటే ఆయన, "అయితే మా అమ్మకు నేను పరాయివాణ్ణా?" అన్నాడు. ఏమీ మాట్లాడలేక మంచినీళ్ళు తాగాను. ఆయన వెళ్ళిపోయాక, హైదరాబాదులో ఉన్న వాళ్ళ చెల్లెలు తన జీతంలోంచి 10,000 పంపించింది.

అందరికన్నా ఆశ్చర్యం ఐసు ఫ్యాక్టరీ ఆయన. ఈ పెట్టె వస్తే కాస్తో కూస్తో నష్టం ఆయనకే. అడగకుండానే 15,000 ఇచ్చి, "రొయ్యకు అమ్మిన ఐసుకు లాభం వేసుకుంటాను. ఆ ఇంటివాళ్ళు తెల్లవారుజామున వచ్చి నిలబడితే ధర చెప్పడానికి నోరు వచ్చేది కాదండీ, పీడా పోతుంది" అన్నారు. పెట్టె ఉంచడానికి చోటు కూడా ఆయనే చూపించారు. అప్పటికి అద్దెకు పదమూడు గదులు అడిగాం. సంగతి విన్నాక పదమూడు మందీ వద్దన్నారు. మా దుకాణం వెనక గది ఖాళీయే, కానీ మా ఆవిడ ఒప్పుకోలేదు. ఐసు ఫ్యాక్టరీలో పాత మోటారు గది, పెద్ద ద్వారం, బండి లోపలిదాకా వస్తుంది.

మార్చి 16న ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చింది. నేను ఆ సంగతి పట్టించుకోకుండా, రెండు రోజుల తరువాత 62,000 నగదు సంచిలో వేసుకుని భీమవరంలో ట్రస్టు ఖాతా ఉన్న బ్యాంకుకు బయల్దేరాను. దారిలో తనిఖీ బృందం ఆపింది. 50,000 దాటిన నగదుకు కాగితాలు చూపాలి. చూపడానికి నా దగ్గర ఉన్నది రసీదు పుస్తకం. వాళ్ళు తిప్పి చూస్తే ప్రతి పేజీలోనూ "ఒక ఇల్లు", "ఒక ఇల్లు", "ఒక ఇల్లు". ఆ అధికారి నా మొహం చూశాడు, మళ్ళీ పుస్తకం చూశాడు. కార్యదర్శి తీర్మానం కాపీ, క్లబ్బు ముద్ర పట్టుకుని వచ్చేదాకా గంటన్నర రోడ్డు పక్కన చెట్టు కింద నిలబడ్డాను. తప్పు నాదే. ఏ వారానికి ఆ వారం జమ చేసి ఉంటే సరిపోయేది. ఆ మర్నాడే క్యూఆర్ కోడు బిళ్ళ చేయించాను.

అన్నీ కలిపి ముగ్గుల నష్టం తీసేస్తే 1,79,290. అంచనాకు 710 తక్కువ. మా క్లబ్బుల్లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంటుంది, సమావేశంలో నవ్వులాటకు జరిమానాలు వేసే హక్కు అతనిది. ఆ రాత్రి ఆలస్యంగా వచ్చినందుకు అధ్యక్షుడికీ, ఉప్మాలో జీడిపప్పు ఏరుకున్నందుకు ఇద్దరికీ, ఊరికే నవ్వినందుకు మిగతావాళ్ళకూ వేసి 710 లాగాడు. అది సభ్యుల ఖాతా డబ్బు, అటునుంచి ఇటు రావచ్చు కనుక నేనూ ఊరుకున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో పెట్టె లారీలో దిగింది. పరీక్షించడానికి ఇరవై నీళ్ళ సీసాలు, ఒక థర్మామీటర్ లోపల పెట్టి రాత్రంతా నడిపాం. తెల్లారేసరికి పని చేస్తోందని తేలింది, కానీ ఆ నీళ్ళు తాగడానికి ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరూ ముందుకు రాలేదు. మొక్కలకు పోశాం. క్లబ్బు ఆస్తులకు బాధ్యుడైన సభ్యుణ్ణి లయన్ టేమర్ అంటారు. సింహాన్ని లొంగదీసేవాడని దాని అర్థం. మావాడు తాళంచెవి పుచ్చుకోవడానికి పది నిమిషాలు వెనకాడాడు.

మొదటి ఫోను రాత్రి రెండు గంటలకు వచ్చింది. రెండో అంతస్తు. నలుగురం మోసుకుంటూ మెట్ల మలుపు దాకా వెళ్ళాం, అక్కడ పెట్టె తిరగలేదు. పైకీ పోదు, కిందకీ రాదు. చెమటలు కక్కుతూ అరగంట నిలబడి, చివరికి కింద కార్లు పెట్టేచోట ఉంచి, పెద్దాయనను కిందికి తీసుకొచ్చాం. పాత ఇళ్ళల్లో పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఉండదన్న సంగతి రెండో ఫోను వచ్చినప్పుడు తెలిసింది. అప్పటినుంచి ఫోను తీసినవాడు అడగవలసినవి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం. ఎన్నో అంతస్తు, మెట్ల వెడల్పెంత, ఏసీ ప్లగ్గు ఉందా, ఎవరి కోసం ఆపుతున్నారు, ఎప్పటికి వస్తారు.

ఆ కాగితంలో ఆఖరి ప్రశ్న కళ్ళ గురించి. దీని మీద కూడా మాలో మాకు తగువే. ఆ సమయంలో ఎలా అడుగుతామని సగం మంది. కానీ నేత్రదానం ఆరు గంటల లోపు జరగాలి, పదకొండో రోజున అడిగి లాభం లేదు. అందుకని ఇలా పెట్టుకున్నాం: పెట్టె అడిగినప్పుడే, ఇంటి పెద్దను పక్కకు పిలిచి ఒక్కసారి చెప్పడం, కాదంటే మళ్ళీ ఎత్తకపోవడం. ఔనంటే నేత్రనిధికి ఫోను చేసి, వాళ్ళు వచ్చేలోపు కనురెప్పలు మూసి తడి దూది ఉంచమనీ, ఫ్యాను ఆపమనీ, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచమనీ చెబుతాం. శుక్లాల ఆపరేషను అయినవాళ్ళవీ, షుగరు, బీపీ ఉన్నవాళ్ళవీ కూడా పనికొస్తాయి. ఈ సంగతి మా క్లబ్బులోనే చాలామందికి తెలియదు. వచ్చినవాళ్ళ పని ఇరవై నిమిషాలు, మొహంలో తేడా తెలియదు. జూన్ చివరికి పెట్టె 14 ఇళ్ళకు వెళ్ళింది, మూడు ఇళ్ళవాళ్ళు కళ్ళు ఇచ్చారు.

అద్దె పెట్టలేదు. ట్రాలీ ఆటో కిరాయి మాత్రం ఇంటివాళ్ళే ఆటో అతనికి ఇచ్చుకుంటారు. అద్దె లేకపోతే మరమ్మతులకు ఎక్కడినుంచి తెస్తావని అడిగినవాళ్ళకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. పదకొండో రోజు దాటాక ఫోటో తీసుకువెళ్ళడానికి వచ్చినవాళ్ళు కవరు ఇచ్చి వెళ్ళేవారు. జూన్ 30 నాటికి అలా వచ్చినవి 22,600. రైసు మిల్లు ఆయన కూడా మే నెలలో ఒక రాత్రి ఫోను చేశారు. వాళ్ళ అక్కగారు. పెట్టె వెళ్ళింది, బెంగళూరు నుంచి మనవలు వచ్చేదాకా ఉంది. తరువాత ఆయన ఇచ్చిన చెక్కు ఎంతదో చెప్పను, రసీదు మీద పేరు మాత్రం "ఒక ఇల్లు".

పెట్టె మీద ఎవరి పేరూ లేదు. కాళ్ళ వైపు చిన్నగా క్లబ్బు గుర్తు, ఫోను నంబరు, అంతే. ఆ స్టిక్కరు నేనే ఉచితంగా వేశాను. ఏడాది మొత్తంలో క్లబ్బుకు నా దుకాణం చేసిన పని అదొక్కటే.

జూన్ 30 సాయంత్రం కొత్త కోశాధికారికి పుస్తకాలు అప్పగించాను. హైస్కూల్లో లెక్కల మాస్టారు, నాకన్నా గట్టివాడు. రసీదు పుస్తకాలు, బ్యాంకు పుస్తకం, రెండు ఖాతాల నిల్వలు ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. జనరేటర్ చూశాడు, స్టెబిలైజర్ చూశాడు. "బాక్సు ఏదండీ?" అన్నాడు. కొత్తపేటలో ఉందనీ, కొడుకు రేపు ఉదయం శంషాబాదులో దిగుతాడనీ, మధ్యాహ్నం రెండింటికి తెచ్చుకోవాలనీ చెప్పాను. టిక్కు పెట్టకుండా పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు. నలుగురిని తీసుకెళ్ళండి, గుమ్మం దగ్గర మురుగుకాలవ మీద పలక ఒకటే ఉంది, చూసుకుని దాటించండి అన్నాను. అదీ రాసుకున్నాడు.